పది బస్తాల కరెంటు బండి



తెల్లవారుజామున పామర్రు సెంటర్లో కాసేపు నిలబడితే చాలు. కృష్ణా డెల్టా ఆ రోజు ఏం వండుకుంటుందో, ఏ ఊళ్లో పెళ్లి పందిరి లేస్తుందో చిన్న వ్యాన్ల తొట్లలో కనబడిపోతుంది. బెజవాడ నుంచి బందరు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా దిగమర్రు చేరే 165వ నంబరు రహదారి ఇక్కడే మొదలవుతుంది. లంక ఊళ్ల అరటి గెలలు, కైకలూరు వైపు నుంచి ఐసులో పెట్టిన చేపలు, పెడన కలంకారీ బట్టల మూటలు, ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు, టెంట్ హౌస్ కుర్చీలు, కోడిగుడ్ల అట్టలు. వీటిలో ఏదీ లారీకి సరిపడా సరుకు కాదు. అలాగని మోటారు సైకిల్ మీద పోయేదీ కాదు. ఈ రెంటి మధ్య సరుకంతా మోసేది ఈ చిన్న బండ్లే.

ఈ బండ్ల స్టాండుల్లో కొన్నాళ్లుగా ఒకటే మాట నలుగుతోంది. "కరెంటు వ్యాన్ వస్తుందంట, మనకి పనికొస్తుందా?" ఫోన్లో వీడియో చూసినవాడు వస్తుందంటాడు. పక్కనున్నవాడు, "వస్తే వచ్చింది, బెజవాడ వెళ్లి తిరిగి రాగలదా అది?" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఈ ప్రసంగం ఆ రెండో మాట చుట్టూ తిరుగుతుంది.

ముందు పాత బండి సంగతి. 2005 మేలో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ధర రెండు లక్షల పాతిక వేల ప్రాంతంలో ఉండేది. 700 సీసీ పైచిలుకు, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. పదహారు గుర్రాల బలం. తయారు చేసే ముందు కంపెనీ ఇంజనీర్లు ఊళ్లు తిరిగి ట్రాలీ ఆటోల వాళ్లతో మాట్లాడారట. నాలుగు చక్రాల బండి ఉంటే తనకు మంచి సంబంధం వస్తుందని వాళ్లలో ఒకడు అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మాటకు నవ్వొచ్చినా అందులో వ్యాపార సూత్రం ఉంది. సరుకు మోసే బండి కొనేవాడు తూకం, మైలేజీ మాత్రమే చూడడు. మూడు చక్రాల మీద నుంచి నాలుగు చక్రాల మీదికి ఎక్కడం అంటే ఊళ్లో ఒక మెట్టు ఎక్కడమే. ఏస్ ఆ మెట్టు కట్టింది. ఇరవై ఏళ్లలో పాతిక లక్షల బండ్లు అమ్మామని కంపెనీ చెప్పుకుంటోంది. అన్నట్టు, ఏస్ మొదట తయారైంది పుణెలో. పామర్రు మీదుగా పోయే 65వ నంబరు రహదారి మొదలయ్యేదీ పుణెలోనే. అదే రోడ్డు మీద దారిలో తగిలే జహీరాబాద్‌లో కరెంటు బండ్ల తయారీని విస్తరించడానికి మహీంద్రా కంపెనీ 2023లో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. బండ్లు ఏ దారిన వస్తాయని ఎవరైనా అడిగితే బందరు రోడ్డుకేసి వేలు చూపించవచ్చు.

కరెంటు వ్యాన్ మన దేశానికి కొత్తేమీ కాదు. 2016 అక్టోబరులోనే మహీంద్రా ఇ-సుప్రో వచ్చింది. సరుకుకు ఒకటి, మనుషులకు ఒకటి, రెండు రకాలు. ఒకసారి చార్జి చేస్తే 110 కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుందన్నారు. ధర ఎనిమిదిన్నర లక్షల ప్రాంతం. ఆ డబ్బుకు అప్పట్లో డీజిల్ బండ్లు రెండు వచ్చేవి. చార్జింగు స్టేషన్ అన్న మాటే చాలామంది వినలేదు. ఇ-సుప్రో వచ్చిన సంగతి ఊళ్లకు తెలిసేలోపే అది కనుమరుగైంది.

తర్వాతి కథ 2022 మే 5న మొదలైంది. ఆ రోజు టాటా ఏస్ ఈవీని జనం ముందుకు తెచ్చారు. 21.3 యూనిట్ల బ్యాటరీ, ఆరు వందల కిలోల లోడు, కాగితం మీద 154 కిలోమీటర్లు. అదే రోజు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్ బాస్కెట్ లాంటి సంస్థలతో 39,000 బండ్లకు అవగాహన ఒప్పందాలు కుదిరాయి. మొదటి బండ్లు చేతికి అందింది మాత్రం 2023 జనవరిలో. ఈ రెండు తేదీల మధ్య ఎనిమిది నెలల ఎడం ఉంది. విడుదల అనే మాట విని అప్పటికప్పుడు పాత బండి అమ్మేసుకున్నవాడు ఎవరైనా ఉంటే ఆ ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చోవాల్సిందే. పైగా ఆ బండికి మొదటి కొనుగోలుదారులు నగరాల్లో పార్సిళ్లు పంచే పెద్ద కంపెనీలు. పామర్రులో సొంత బండి తోలుకునే మనిషి వాళ్ల లెక్కలో అప్పటికి లేడు.

ఆ లెక్క మారుతున్నది ఇప్పుడిప్పుడే. 2024 అక్టోబరులో మహీంద్రా జియో ఏడున్నర లక్షల ధరతో వచ్చింది. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో వచ్చింది. పెట్రోలుది 3 లక్షల 99 వేలు, కరెంటుది ఆరున్నర లక్షలు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయిలర్ అనే కొత్త కంపెనీ టన్ను మోసే కరెంటు బండిని 5 లక్షల 99 వేల ఆరంభ ధరకు ప్రకటించింది. ఇవన్నీ షోరూం ధరలు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఇంకొంత పడుతుంది. తొమ్మిదేళ్లలో ధర ఎనిమిదిన్నర నుంచి ఆరుకు దిగింది. పామర్రు స్టాండులో చర్చ రాజుకున్నది అందుకే.

ఏస్ ప్రో కరెంటు బండి 750 కిలోలు మోస్తుందంటారు. కృష్ణా జిల్లాలో ఆ అంకెను కిలోల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. ఇక్కడ ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అంటే ఇది సరిగ్గా పది బస్తాల బండి. పాత ఏస్ ఈవీ ఎనిమిది బస్తాలది. టన్ను బండి పదమూడు బస్తాలది. కోతల రోజుల్లో కల్లం దగ్గరకు ఈ బండి తీసుకెళ్తే ముఠా కూలీలు చూసి నవ్వుతారు. ట్రాక్టరు ట్రక్కుకు అలవాటు పడ్డ చేతులు వాళ్లవి. ధాన్యం దీని పని కాదు. అదే మంచినీళ్ల క్యాన్లయితే ముప్పై అయిదు దాకా ఎక్కుతాయి. వంట గ్యాసు నిండు సిలిండర్లు పాతిక దాకా. గుడ్ల అట్టలైతే తూకం కంటే ముందు తొట్టి నిండిపోతుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మన రోడ్ల మీద ఏ చిన్న వ్యానూ రాసిచ్చిన తూకానికి కట్టుబడి ఉండదు. వెనక పట్టీలు వంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు తేలిపోతున్నా ఇంకో రెండు మూటలు వేయించుకుని పోతుంటారు. బాడుగ అలా గిట్టుబాటు చేసుకోవడం అలవాటైపోయింది. డీజిల్ బండి ఆ బరువుకు మూలుగుతుంది, పొగ కక్కుతుంది, క్లచ్ ప్లేటు ముందుగా పోగొట్టుకుంటుంది. కరెంటు బండి మూలగదు. దాని బదులు చార్జి గబగబా దిగిపోతుంది. ఏస్ ప్రోకు 155 అని చెప్పిన కిలోమీటర్లు నూట పదికి, ఎక్కువ వేస్తే ఎనభైకి దిగినా ఆశ్చర్యం లేదు. పరీక్షా కేంద్రం అంకెకూ బందరు రోడ్డు అంకెకూ ఆ మాత్రం తేడా ఉంటుందని ముందే అనుకుని దిగాలి.

ఇప్పుడు ఖర్చు లెక్క. ఏస్ ప్రో బ్యాటరీ 14.4 యూనిట్లది. చార్జింగులో పోయేది కలుపుకుని పదహారు యూనిట్లు అనుకుందాం. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా నూట అరవై. దాంతో నూట పది కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు రూపాయిన్నర. పెట్రోలు మన రాష్ట్రంలో లీటరు నూట పది రూపాయలకు అటూ ఇటూ ఉంది. లోడుతో లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు వచ్చాయనుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయలు. మిగులు నాలుగున్నర. రెండు బండ్ల ధరల మధ్య తేడా రెండున్నర లక్షలు. ఆ తేడా రాబట్టుకోవడానికి దాదాపు యాభై అయిదు వేల కిలోమీటర్లు తిరగాలి.

రోజూ ఎనభై కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగేవాడికి ఆ దూరం రెండేళ్ల మూడు నాలుగు నెలల్లో పూర్తవుతుంది. రోజుకు ముప్పై తిరిగేవాడికి ఆరేళ్లు పైబడుతుంది. వడ్డీ ఈ లెక్కలోకి రాలేదు. అది కలిపితే రెండో మనిషి ఆ బండి జోలికి పోకపోవడమే మంచిది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఎక్కువ తిరిగేవాడికే ఈ బండి లాభం. మరీ ఎక్కువ తిరిగితే దారిలో చార్జి అయిపోతుంది. లాభం వచ్చే దూరానికీ, బండి ఆగిపోయే దూరానికీ మధ్య ఉన్న సందు ఇరుకైనది. రోజుకు డెబ్బై నుంచి నూరు కిలోమీటర్ల మధ్య, అదీ దాదాపు ఒకే దారిలో తిరిగేవాళ్లదే ఆ సందు.

పామర్రు ఆ సందులోనే పడటం విశేషం. బెజవాడ నలభై కిలోమీటర్ల ప్రాంతంలో. బందరు ముప్పై దరిదాపుల్లో. గుడివాడ పదిహేను లోపు. ఉయ్యూరు, కూచిపూడి, మొవ్వ అన్నీ పక్కనే. పొద్దున్నే బెజవాడ హోల్‌సేల్ కొట్లకు వెళ్లి సరుకు వేసుకుని మధ్యాహ్నానికి తిరిగి వస్తే ఎనభై. బందరు పోయి వస్తే అరవై. రెండూ ఒకే రోజు అంటే మాత్రం మధ్యలో చార్జింగు పెట్టాల్సిందే. అదే బెజవాడ నగరంలో తిరిగే బండి ట్రాఫిక్‌లో గంటలు గంటలు నిలబడుతుంది కానీ కిలోమీటర్లు తిరగదు. కంపెనీలు నగరాన్ని చూసి ఈ బండి కట్టాయి. లెక్క చూస్తే నగరానికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరికే అది బాగా అతుకుతుంది.

నేల కూడా కలిసొచ్చింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి కాలవలు తవ్వినప్పుడు వాటిని సాగుకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వారు. బందరు కాలవ మీద ధాన్యం పడవలు నడిచాయి. పడవలు ఎదురు కూడా పోగలిగేంత సన్నటి వాలు ఈ భూమిది. బ్యాటరీకి కావాల్సిందీ అదే, ఎత్తు ఎక్కనక్కర్లేని దారి. కొండ ఎక్కలేదని కాదు. తిరుపతి నుంచి తిరుమలకు 2022 సెప్టెంబరులో మొదలైన ఆర్టీసీ కరెంటు బస్సులు ఘాట్ రోడ్డు ఎక్కుతూనే ఉన్నాయి. కాకపోతే చిన్న బ్యాటరీ పెట్టుకున్న చిన్న బండికి చదును నేల వరం. ఎండ మాత్రం శాపం. బెజవాడలో మేలో నలభై డిగ్రీలు దాటిన వేడి మామూలే. లిథియం బ్యాటరీకి వేడి అంటే పడదు, ఆయుష్షు తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం లోడుతో వచ్చి, వచ్చీ రాగానే చార్జింగు పెట్టే అలవాటు మానుకోవాలి. చల్లబడ్డాక రాత్రి పెట్టుకుంటే దానికీ మంచిది, మనకీ మంచిది.

ఎవరి బండికి ఇది సరిపోతుందో వెతికితే మొదట గుర్తుకొచ్చేది పాలు. రోజూ అదే దారి, అదే వేళ, అవే ఊళ్లు. బండి పోయేటప్పుడు ఖాళీ క్యాన్లు, వచ్చేటప్పుడు నిండువి. బ్రిటన్‌లో ఈ సంగతి చాలా కాలం కిందటే కనిపెట్టారు. 1960, 70 దశకాల్లో అక్కడ వీధి వీధికీ పాల సీసాలు పంచిన బండ్లు వేల సంఖ్యలో బ్యాటరీతోనే నడిచేవి. సీసం బ్యాటరీలు, నత్తనడక వేగం, రాత్రంతా డిపోలో చార్జింగు. ప్రతి గడప దగ్గరా ఆగి ఆగి నడిచే పనికి పెట్రోలు ఇంజను దండగ. పైగా తెల్లవారకముందే వచ్చే బండి చప్పుడు చేయకుండా వస్తే ఊరు నిద్ర లేవదు. మన ఊళ్లలో ఉల్లిపాయల బండి మైకుతోనే నిద్ర లేస్తున్నాం కాబట్టి ఆ నిశ్శబ్దానికి ఇక్కడ ఎంత విలువ ఉంటుందో చెప్పలేం.

టెంట్ హౌస్ వాళ్ల సంగతి వేరు. మాఘంలో, శ్రావణంలో ముహూర్తాలు ఉన్నప్పుడు బండికి పగలూ రాత్రీ తేడా ఉండదు. ఒక పెళ్లి విప్పి ఇంకో పెళ్లికి వేయాలి. అప్పుడు ఆరు గంటలు చార్జింగులో పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. ఆషాఢంలో, పుష్యంలో బండి కదలదు, కిస్తీ మాత్రం కదులుతూనే ఉంటుంది. వాళ్లకు పెట్రోలు బండే మేలు.

ఈ సరిపోవడం, సరిపోకపోవడం గురించి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2021 జనవరి 21న బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇంటింటికీ రేషన్ బండ్లకు అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జెండా ఊపారు. రాష్ట్రమంతటికీ కలిపి 9,260 బండ్లు. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్ పెట్రోలువి. ఆ బండ్లు చేసిన పని చూడండి. డిపో దగ్గర బియ్యం ఎక్కించుకోవడం, ఒకటి రెండు ఊళ్లు తిరగడం, వీధి మలుపులో ఆగి కాటా పెట్టి తూచడం, మళ్లీ పది గజాలు కదలడం. తక్కువ దూరం, తెలిసిన దారి, రాత్రికి కచ్చితంగా ఇంటి దగ్గరే. కరెంటు వ్యాను కోసమే పుట్టిన పనిలా ఉంటుంది. కానీ ఏస్ ఈవీ వచ్చింది 2022 మేలో. అంత పెద్ద సంఖ్యలో కొనడానికి చేతికందే ధరలో కరెంటు బండి అప్పటికి లేదు. పదహారు నెలల తేడాతో తప్పిపోయింది.

ఆ పథకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేశారు. రేషన్ మళ్లీ డిపోల నుంచే ఇస్తున్నారు. ఆ బండ్లను తోలుకుంటున్న వాళ్లకే ఇచ్చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అంటే నాలుగేళ్లు మాత్రమే నడిచిన, పెద్దగా అరగని పెట్రోలు వ్యాన్లు వేల సంఖ్యలో బాడుగల కోసం వెతుక్కుంటున్నాయన్నమాట. కొత్త కరెంటు బండికి అసలు పోటీ షోరూంలోని కొత్త పెట్రోలు బండి కాదు, ఇవి. కిస్తీ లేని బండి ఎంత తక్కువ బాడుగకైనా వస్తుంది.

చెత్త బండ్ల విషయంలో మాత్రం ఆలస్యం కలిసొచ్చింది. 2023 జూన్‌లో 36 చిన్న మున్సిపాలిటీలకు 516 కరెంటు ఆటోలు ఇచ్చారు. మూడు చక్రాలు, అయిదు వందల కిలోలు.

ఇక భయాల సంగతి. 2022 ఏప్రిల్‌లో బెజవాడలో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ వార్త చదివిన ఊరు ఇది. కరెంటు బండి అనగానే ఇంట్లో ఆడవాళ్లు "పడక గదికి దూరంగా పెట్టుకోండి" అంటారంటే వాళ్ల తప్పేం లేదు. ఆ ఏడాది దేశంలో వరసగా జరిగిన ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. రెండు మూడు చక్రాల బండ్లకు ఏఐఎస్ 156, నాలుగు చక్రాల వాటికి ఏఐఎస్ 038 అనే ప్రమాణాలను సవరించి 2022 డిసెంబరు, 2023 మార్చి చివర అని రెండు దశల్లో అమల్లోకి తెచ్చింది. ఒక్క సెల్‌లో పుట్టిన వేడి పక్కవాటికి పాకకుండా చూడటం వాటిలో ముఖ్యమైనది. ఇప్పుడొస్తున్న చిన్న వ్యాన్లలో ఎక్కువగా వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. బరువు కాస్త ఎక్కువ, కానీ మిగతా లిథియం రకాల కంటే నిలకడైనది, ఎక్కువసార్లు చార్జింగుకు తట్టుకుంటుంది. షోరూంలో రంగు అడిగే ముందు ఈ పేరు అడగాలి.

రెండో భయం నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్ నగర్ రోజుల తరబడి మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. ఇంటి ముందు పెట్టిన ఆటోలు, స్కూటర్లు, వ్యాన్లు నీళ్ల కిందే ఉండిపోయాయి. కరెంటు బండి అమ్మేవాళ్లు ఐపీ 67 అని చూపిస్తారు. ఆ గుర్తుకు అర్థం, ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా బ్యాటరీ పెట్టెలోకి నీరు దిగదని. వర్షం నీళ్లు నిలిచిన రోడ్డుకు అది చాలు. నాలుగు రోజుల వరదకు అది హామీ కాదు. డెల్టాలో బండి కొనేవాడు బీమా కాగితంలో వరద నష్టం, బ్యాటరీ రెండూ ఉన్నాయో లేదో చదివించుకోవాలి.

చార్జింగు స్టేషన్ల గురించి జనం ఎక్కువ ఆలోచిస్తారు కానీ ఈ బండికి అసలు పంపు సొంత ఇల్లే. పదిహేను ఆంపియర్ల సాకెట్ మూడు కిలోవాట్ల దాకా ఇస్తుంది. ఆ లెక్కన ఏస్ ప్రో లాంటి బండికి అయిదారు గంటలు. రాత్రి పదికి పెడితే తెల్లవారుజామున నాలుగుకు సిద్ధం. కానీ మన ఊళ్లలో చాలా ఇళ్ల కనెక్షన్ ఒకటి రెండు కిలోవాట్ల లోడు మీదే ఉంటుంది. ముందు విద్యుత్ ఆఫీసులో లోడు పెంచుకోవాలి. కృష్ణా జిల్లా ఏపీసీపీడీసీఎల్ పరిధిలోది. షాపు మీటరు మీద పెడితే రేటు మారుతుంది, అది కూడా కనుక్కోవాలి. రెండోది ఎర్తింగ్. పాత ఇళ్లలో మూడో తీగ గోడలోనే ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. ఎర్తు సరిగా లేకపోతే చాలా చార్జర్లు ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తాయి. బండి చెడిపోయిందనుకుని కంపెనీకి ఫోన్ చేసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవడం నయం.

మేడ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలారు పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. మూడు కిలోవాట్లు రోజుకు ఇంచుమించు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. పది బస్తాల బండి ఒక రోజు తిండికి దాదాపు సరి. పగలు బండి రోడ్డు మీద ఉంటుంది కదా అంటే, పగలు గ్రిడ్‌కు ఇచ్చింది రాత్రి తీసుకోవడానికి నెట్ మీటరు ఉంది.

ప్రభుత్వ సాయం విషయంలో చిన్న వ్యాను ఒక వింత స్థితిలో ఉంది. కరెంటు బండ్లకు జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి అయిదు శాతమే. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకంలో ద్విచక్ర వాహనాలకు, మూడు చక్రాల ఆటోలకు, బస్సులకు, మూడున్నర టన్నులు దాటిన లారీలకు సాయం పెట్టారు. ఆటోకూ లారీకీ మధ్య ఉన్న నాలుగు చక్రాల చిన్న సరుకు బండికి పెట్టలేదు. దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిల్ సరుకు బండ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పెట్రోలు వ్యాను చవకైంది, ఇందాకటి రెండున్నర లక్షల తేడా ఇంకాస్త పెరిగింది. ఊళ్లకు అవసరమైన బండినే వదిలేసి అటూ ఇటూ ఉన్నవాటికి పంచిపెట్టడం సబబుగా లేదు.

మెకానిక్ మాటేమిటి? బెజవాడ జవహర్ ఆటోనగర్‌కు లారీ బాడీలు కట్టడంలో దేశమంతా పేరుంది. చిన్న వ్యాను కొన్నవాడు కూడా అక్కడికి తీసుకెళ్లి తొట్టికి పట్టాలు వెల్డింగ్ చేయించి, పైన ఇనప చట్రం బిగించుకుంటాడు. కరెంటు బండి అడుగున వంగి చూస్తే నారింజ రంగు కేబుళ్లు కనబడతాయి. ఏ కంపెనీ బండిలోనైనా ప్రమాదకరమైన వోల్టేజి పోయే తీగకు ఆ రంగే వాడతారు. ఆ రంగు కనబడిన చోట సుత్తి, డ్రిల్లు, వెల్డింగు రాడ్డు పెట్టకూడదు. ఇరవై ఏళ్లుగా చెవితో ఇంజను చప్పుడు విని రోగం చెప్పిన మేస్త్రీలు ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి చూడాలి. నేర్చుకోలేని వాళ్లేమీ కాదు. 2025 మార్చి 19న మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ మొదలైంది. కరెంటు బస్సులూ అక్కడ కడతామన్నారు. కాబట్టి ఈ పని తెలిసిన కుర్రాళ్లు జిల్లాలోనే తయారవుతారు. అప్పటిదాకా బ్రేకులు, టైర్లు, పట్టీలు పామర్రులో, మోటారు, బ్యాటరీ కంపెనీ షెడ్డులో.

విడుదల తేదీలను నమ్ముకోవడం గురించి జపాన్ నుంచి ఒక ముచ్చట. అక్కడ ఇరుకు సందుల్లో తిరిగే బుల్లి వ్యాన్ల వ్యాపారం పెద్దది. హోండా తన కరెంటు ఎన్-వ్యాన్‌ను 2024 వసంతంలో తెస్తానని చెప్పి, విడిభాగాలు అందక అక్టోబరుకు తెచ్చింది. సుజుకి, దైహత్సు, టొయోటా కలిసి తలపెట్టిన ఇంకో బుల్లి వ్యాను, దైహత్సు పరీక్షల అవకతవకలు 2023లో బయటపడటంతో వాయిదా పడింది. అది మనకు మరీ పరాయి బండి కాదు. 1984 నుంచి 2019 దాకా మన బడి పిల్లలను, పెళ్లివారిని, రోగులను మోసిన మారుతి ఆమ్నీ కూడా సుజుకి బుల్లి వ్యాన్ల వంశంలోదే. జపాన్ కంపెనీలకే తేదీలు తప్పుతున్నప్పుడు మన డీలరు "వచ్చే నెల" అంటే దాన్ని వచ్చే సీజను అని రాసుకోవడం మంచిది.

ఇక అప్పు ఇచ్చేటప్పుడు ఫైనాన్స్ కంపెనీ వాడు బండి చూడడు. కిస్తీ ఆగితే దాన్ని గుంజుకొచ్చి ఎంతకు అమ్ముకోగలడో చూస్తాడు. పాత ఏస్‌కు ఆ ధర ఆటోనగర్‌లో ఏ బ్రోకరైనా చక్రాలు చూసి చెప్పేస్తాడు. పాత కరెంటు వ్యానుకు చెప్పగలవాడు ఇంకా లేడు, వడ్డీ ఎక్కువ అడగడానికి కారణం అదే. 2023 జనవరిలో రోడ్డెక్కిన మొదటి బండ్ల కిస్తీలు నాలుగైదేళ్లవనుకుంటే 2027, 2028 నాటికి తీరతాయి. అప్పుడు ఆ ఆకుపచ్చ నంబరు ప్లేటు బండ్లు సెకండ్ హ్యాండు మార్కెట్‌కు వస్తాయి. బ్యాటరీలో ఎంత మిగిలిందో మీటరు పెట్టి చూసి బ్రోకరు ఒక ధర అంటాడు. పామర్రు స్టాండులో సగం మంది కంపెనీ విడుదల తేదీ కంటే ఎక్కువగా ఎదురు చూస్తున్నది ఆ ధర కోసమే.